కొత్త ల్యాప్‌టాప్‌లోకి క్లయింట్ ప్యాచ్‌తోనే దిగాలి: ఎస్‌సీసీఎం ఇన్‌స్టలేషన్‌లో ఎంఎస్‌పీ కలిపే పద్ధతి

"అన్నా, క్లయింట్ ఇన్‌స్టాల్ అయింది గానీ వెర్షన్ పాతదే చూపిస్తోంది."

నెలకు రెండు సార్లయినా నాకీ ఫోన్ వస్తుంది. ఫోన్ చేసేది ఎక్కువగా బెంగళూరు మారతహళ్లి పీజీల్లో ఉంటూ ఔటర్ రింగ్ రోడ్డు ఆఫీసుల్లో డెస్క్‌టాప్ సపోర్ట్ చేసే మన కుర్రాళ్లే. వాళ్లు పనిచేసే కస్టమర్ ఆఫీసు నుంచి స్క్రీన్ షేర్ చేయడం కుదరదు, చాట్‌లో కమాండ్ పంపడానికి పాలసీ ఒప్పుకోదు. కాబట్టి అక్షరం అక్షరం ఫోన్‌లోనే చెప్పాలి. అలా చెప్పీ చెప్పీ నోటికి వచ్చేసిన వరసనే ఇక్కడ రాస్తున్నాను. కమాండ్లు కూడా ఫోన్‌లో చెప్పినట్టే చెబుతాను, మీరు కీబోర్డు మీద ఇంగ్లీషులో కొట్టుకోండి.

విషయం చిన్నదే. కంపెనీ కంప్యూటర్లన్నిటినీ ఒకే చోటు నుంచి చూసుకునే మైక్రోసాఫ్ట్ కాన్ఫిగరేషన్ మేనేజర్‌ను మనమందరం ఇప్పటికీ ఎస్‌సీసీఎం అనే అంటాం. దాని క్లయింట్‌ను, అంటే ఒక్కో మెషీన్‌లో కూర్చునే ఏజెంట్ సాఫ్ట్‌వేర్‌ను, కొత్త మెషీన్‌లో వేసేటప్పుడే తాజా ప్యాచ్ (ఎంఎస్‌పీ అనే ఫైల్ రూపంలో వచ్చే సవరణ) కూడా అదే దెబ్బలో పడాలి. ముందు పాత క్లయింట్ వేసి, తర్వాత ఇంకో స్టెప్‌లో ప్యాచ్ వేద్దామనుకుంటే ఏమవుతుందో ముందు చెబుతాను. మిగతాదంతా దాన్ని తప్పించుకోవడానికే.

విడిగా వేస్తే ఎందుకు చెడుతుంది

కొన్నేళ్ల క్రితం మాట. సోమవారం చేరేవాళ్ల కోసం శుక్రవారం సాయంత్రం 40 ల్యాప్‌టాప్‌లు విండోస్ ఎక్కించే ఇమేజింగ్ బెంచ్ మీద పెట్టాం. టాస్క్ సీక్వెన్స్‌లో, అంటే విండోస్, క్లయింట్ వగైరా వరసగా వేసే స్టెప్పుల జాబితాలో, 'సెటప్ విండోస్ అండ్ కాన్ఫిగ్ మేనేజర్' స్టెప్ అయ్యాక, దాని కింద నేనే ఒక కమాండ్ లైన్ స్టెప్ తగిలించాను: ఎంఎస్‌పీ ఫైల్‌ను రన్ చేసి క్లయింట్‌కు ప్యాచ్ వేయడం. ఒక్క మెషీన్‌లో టెస్ట్ చేసినప్పుడు అదృష్టం కొద్దీ దాటిపోయింది. బెంచ్ మీద మాత్రం చాలా మెషీన్లు ఆ స్టెప్ దగ్గరే కూర్చుండిపోయాయి. ప్రోగ్రెస్ బార్ కదలదు, ఎర్రర్ కూడా రాదు. ఆ రాత్రి రెండింటి క్యాబ్‌లో ఇంటికి వెళ్లాను.

కారణం తర్వాత అర్థమైంది. క్లయింట్ పడ్డాక మిగతా టాస్క్ సీక్వెన్స్‌ను నడిపేది ఆ క్లయింటే. 'ఎస్ఎంఎస్ ఏజెంట్ హోస్ట్' అనే సర్వీసు, అంటే సీసీఎం ఎగ్జెక్ ప్రాసెస్, అందులో కీలకం. ప్యాచ్ వేయాలంటే విండోస్ ఇన్‌స్టాలర్ ఆ సర్వీసును ఆపాలి. కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే. కొన్ని మెషీన్లలో సర్వీసు మళ్లీ లేచి దారిలో పడుతుంది, కొన్నిట్లో పడదు. నా ఒక్క టెస్ట్ మెషీన్ మొదటి రకం, అంతే.

అందుకే ప్యాచ్ క్లయింట్ ఇన్‌స్టాల్‌లో భాగంగానే పడాలి. క్లయింట్ మొదటిసారి లేచే సరికే అది కొత్త వెర్షన్ అయి ఉండాలి.

మీది ఏ తరం సైటో ముందు చూడండి

సైట్ అంటే మీ ఎస్‌సీసీఎం సర్వర్ ఏర్పాటు. ఇక్కడ చెప్పే ప్యాచ్ ప్రాపర్టీ (ఇన్‌స్టాలర్‌కు అందించే విలువ) పద్ధతి 2007, 2012, 2012 ఆర్2 తరం వాళ్లకు. 2015 చివర్లో 1511 వెర్షన్‌తో మొదలైన కరెంట్ బ్రాంచ్ అనే కొత్త తరంలో పని వేరే విధంగా జరుగుతుంది, దాని గురించి చివర్లో చెబుతాను. 2012 ఆర్2కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2022 జూలై 12తో ముగిసింది. "మరి ఇంకా ఎందుకన్నా ఇది?" అంటారు. సపోర్ట్ పోయినంత మాత్రాన సర్వర్లు పోవు కదా. సపోర్ట్ ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. పైగా ఈ పద్ధతి ఎస్‌సీసీఎం సొంతం కాదు. ప్యాచ్ అనేది విండోస్ ఇన్‌స్టాలర్ ప్రాపర్టీ. ఎంఎస్ఐగా (విండోస్ ఇన్‌స్టాలర్ ప్యాకేజీ ఫైల్‌గా) వచ్చే ఏ ఏజెంట్‌కైనా, దానికి ఎంఎస్‌పీ రూపంలో ప్యాచ్ ఉంటే, ఇదే దారి.

వెర్షన్ చూడటానికి కంట్రోల్ ప్యానెల్‌లో కాన్ఫిగరేషన్ మేనేజర్ తెరిచి జనరల్ ట్యాబ్ చూడండి. 2012 ఆర్2 అసలు క్లయింట్ అయితే 5.00.7958.1000 అని ఉంటుంది. మూడో భాగం 7958 తరాన్ని చెబుతుంది, ఆఖరి నాలుగు అంకెలు ప్యాచ్‌ను చెబుతాయి. ఆర్2లో క్యుములేటివ్ అప్‌డేట్ 1 వేస్తే 1203, 3 వేస్తే 1401, 5 వేస్తే 1604. ఈ నాలుగంకెలే మన పరీక్ష పేపరు, పని అయ్యాక మళ్లీ వీటినే చూస్తాం. కాంపోనెంట్స్ ట్యాబ్‌లో మాత్రం కొన్నిటికి పాత నంబరే ఉండిపోతుంది. ప్యాచ్ ముట్టుకోని కాంపోనెంట్లు అవి, కంగారు పడకండి.

సరైన ఎంఎస్‌పీ తీసుకోవడం

సైట్ సర్వర్ మీద క్యుములేటివ్ అప్‌డేట్ రన్ చేసినప్పుడే క్లయింట్ ప్యాచ్ ఫైళ్లు అక్కడ చేరతాయి. సర్వర్‌లో 'ఎస్ఎంఎస్ అండర్‌స్కోర్ సైట్ కోడ్' పేరుతో ఉన్న షేర్ తెరవండి. అందులో హాట్‌ఫిక్స్ ఫోల్డర్, దాని లోపల కేబీ నంబరుతో (ఆ అప్‌డేట్‌కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే గుర్తింపు నంబరు) ఫోల్డర్, దాని లోపల క్లయింట్, అందులో ఐ386, ఎక్స్64 అని రెండు. ఉదాహరణకు ఆర్2 మూడో క్యుములేటివ్ అప్‌డేట్ కేబీ 2994331. ఎక్స్64 ఫోల్డర్‌లో ఆ నంబరుతో ఒక ఎంఎస్‌పీ కనిపిస్తుంది.

మూడు జాగ్రత్తలు. 64 బిట్ విండోస్‌కు ఎక్స్64 ఫైలే కావాలి (2007 తరంలో క్లయింట్ అంతా 32 బిట్టే కాబట్టి అక్కడ ఈ గొడవ లేదు). ఎంఎస్‌పీ ఏ తరానికి చెందిందో క్లయింట్ డాట్ ఎంఎస్ఐ కూడా అదే తరానికి చెందాలి; ఆర్2 ప్యాచ్‌ను 2012 ఎస్‌పీ1 క్లయింట్ మీద రుద్దితే ఇన్‌స్టాలర్ 1642 అని తిప్పికొడుతుంది. ఇక క్యుములేటివ్ అంటే ముందువన్నీ అందులో కలిసే ఉంటాయి, కాబట్టి ఆఖరిది ఒక్కటి చాలు. ఒకటి నుంచి ఐదు వరకు వరసగా తగిలించే వాళ్లను చూశాను. అది భక్తే గానీ అవసరం కాదు.

ముందు ఒక్క మెషీన్‌లో చేత్తో

టాస్క్ సీక్వెన్స్ జోలికి వెళ్లకముందు డొమైన్‌లో ఉన్న, క్లయింట్ లేని ఒక పాత ల్యాప్‌టాప్ తీసుకోండి. సి డ్రైవ్‌లో టెంప్ అనే ఫోల్డర్ పెట్టి, సర్వర్‌లోని క్లయింట్ ఫోల్డర్ మొత్తం అందులోకి కాపీ చేయండి. ఎంఎస్‌పీని కూడా టెంప్‌లోనే పెట్టి, పేరు పొడుగ్గా ఉంటే ఈ పరీక్ష మటుకు 'సీయూ3' అని కుదించుకోండి.

అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఇప్పుడు ఫోన్‌లో చెప్పినట్టు చెబుతాను, వినండి.

సీసీఎం సెటప్ డాట్ ఈఎక్స్ఈ. స్పేస్. స్లాష్ సోర్స్, కోలన్, క్లయింట్ ఫోల్డర్ పూర్తి దారి. స్పేస్. ఎస్ఎంఎస్ సైట్ కోడ్ అని కలిపి, అన్నీ క్యాపిటల్స్, ఈక్వల్, మీ మూడక్షరాల కోడ్. స్పేస్. ప్యాచ్ అని క్యాపిటల్స్‌లో, ఈక్వల్, డబుల్ కోట్, సి కోలన్ బ్యాక్‌స్లాష్ టెంప్ బ్యాక్‌స్లాష్ సీయూ3 డాట్ ఎంఎస్‌పీ, డబుల్ కోట్. ఎంటర్.

వరస ముఖ్యం. స్లాష్‌తో మొదలయ్యేవి సీసీఎం సెటప్‌కు చెప్పే మాటలు, అవి ముందు రావాలి. క్యాపిటల్స్‌లో ఉన్నవి క్లయింట్ డాట్ ఎంఎస్ఐకి అందించే ప్రాపర్టీలు, అవి వెనక. ఈక్వల్‌కు అటూ ఇటూ స్పేస్ పెట్టొద్దు. ఒకటి కంటే ఎక్కువ ఎంఎస్‌పీలు నిజంగానే వేయాల్సి వస్తే మధ్యలో సెమీకోలన్ పెట్టి, మొత్తాన్నీ ఒకే జత కోట్స్‌లో ఉంచండి.

పూర్తి దారి అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, మీరు ఎంటర్ కొట్టగానే సీసీఎం సెటప్ తనను తాను ఒక సర్వీసుగా పెట్టుకుని లోకల్ సిస్టమ్ అకౌంట్ కింద నడుస్తుంది. మీరు ఏ ఫోల్డర్‌లో నిలబడి కమాండ్ కొట్టారో దానికి పట్టదు. మీరు లాగిన్ అయి మ్యాప్ చేసుకున్న జెడ్ డ్రైవ్ దానికి కనిపించదు. "నాకు ఫైల్ తెరుచుకుంటోంది అన్నా, దానికెందుకు దొరకదు?" అనే ప్రశ్నకు పదింట తొమ్మిది సార్లు జవాబు ఇదే. నెట్‌వర్క్ షేర్ దారి పెట్టాలంటే ఆ షేర్ మీద మీకు కాదు, ఆ కంప్యూటర్ అకౌంట్‌కు రీడ్ ఉండాలి. నేనైతే ఎప్పుడూ లోకల్ ఫైలే వాడతాను.

ఇంకొకటి, దీని మీద ఒక మధ్యాహ్నం మొత్తం పోయింది. ఒక తమ్ముడు కమాండ్ సరిగ్గానే చదివి వినిపిస్తున్నాడు, అయినా ప్రతిసారీ ఫెయిల్. చివరికి "ఆ కోట్ గుర్తు ఎలా ఉందో చెప్పు, నిటారుగా ఉందా, వంకరగా ఉందా?" అని అడిగాను. వంకరగా ఉందట. పని వరస రాసిపెట్టుకున్న రన్‌బుక్ వర్డ్ డాక్యుమెంట్‌లో ఉంది, వర్డ్ మామూలు కోట్స్‌ను అందంగా వంచేసింది, వాడు అక్కడి నుంచి కాపీ చేశాడు. కమాండ్ లైన్‌కు ఆ అందం తెలియదు, దానికి నిటారు గుర్తే కోట్. కమాండ్లు నోట్‌ప్యాడ్ ఫైల్‌లోనే దాచుకోండి.

లాగ్ చదవడం

ఎంటర్ కొట్టాక స్క్రీన్ మీద ఏమీ కనిపించదు. తతంగమంతా లాగ్‌లోనే. సి డ్రైవ్, విండోస్, సీసీఎం సెటప్, లాగ్స్. అక్కడ రెండు ఫైళ్లు: సీసీఎం సెటప్ డాట్ లాగ్, క్లయింట్ డాట్ ఎంఎస్ఐ డాట్ లాగ్. లాగ్‌లు చదివే సీఎం ట్రేస్‌తో తెరిస్తే హెచ్చరికలు పసుపులో, తప్పులు ఎరుపులో మెరుస్తాయి. కానీ ఎరుపు చూసి గుండె ఆపుకోకండి. మధ్యలో ఎర్ర గీతలున్నా ఆఖరికి చక్కగా ముగిసిన లాగ్‌లు బోలెడు.

నేను ముందు చూసేది ఎరుపు కాదు. 'రన్నింగ్ ఇన్‌స్టలేషన్ ప్యాకేజ్' అనే మాట వెతుకుతాను. దాని కిందే మూడు వరసలుంటాయి: ప్యాకేజ్, లాగ్, ప్రాపర్టీస్. ఆ ప్రాపర్టీస్ వరసను వేలు పెట్టి చదవండి. మీరు కొట్టిన ప్యాచ్ ఈక్వల్ అక్కడ పూర్తిగా, కోట్స్‌తో సహా ఉందా? లేకపోతే ఎంఎస్ఐ దాకా మీ మాట చేరనే లేదు, ఇక మిగతా లాగ్ చదవడం దండగ. సగం దారితో తెగిపోయి ఉంటే స్పేస్ దగ్గర కోట్ జారిందని అర్థం.

ఆఖరి వరసలో సీసీఎం సెటప్ ఏ రిటర్న్ కోడ్‌తో బయటికి వస్తోందో రాస్తుంది. 0 అయితే సుఖం. 7 అయితే రీబూట్ కావాలి, అంతే, అది ఫెయిల్ కాదు. 8 అంటే ఇప్పటికే ఒక సెటప్ నడుస్తోంది, మీరు ఆత్రంగా రెండోసారి ఎంటర్ కొట్టుంటారు. 6 అంటే తప్పు జరిగింది, అప్పుడు రెండో లాగ్ తెరవాలి.

ఎంఎస్ఐ లాగ్ కొండవీటి చాంతాడంత ఉంటుంది. పై నుంచి చదవకండి. 'రిటర్న్ వాల్యూ 3' అని వెతికి, అది దొరికిన చోట నుంచి పైకి పది పదిహేను వరసలు చూడండి, అసలు కారణం సాధారణంగా అక్కడే ఉంటుంది. 1635 వస్తే ప్యాచ్ ఫైల్ తెరవలేకపోయింది: దారి తప్పు, లేదా అనుమతి లేదు. ఫైల్ దొరకకపోతే ప్యాచ్ వదిలేసి క్లయింట్ ఒక్కటే వేస్తుందనుకోకండి, మొత్తం ఇన్‌స్టాలే పోతుంది. 1642 అంటే పైన చెప్పిన తరం తేడా. 1618 అంటే వేరే ఎంఎస్ఐ ఏదో నడుస్తోంది, కొంచెం ఆగి మళ్లీ చేయండి. 1603 అంటే 'ఏదో జరిగింది' అని మాత్రమే, దాన్ని పట్టుకుని గూగుల్ చేస్తే తెల్లారిపోతుంది.

అంతా బాగుంటే జనరల్ ట్యాబ్‌లో ఆఖరి నాలుగంకెలు మారి ఉంటాయి. ఇప్పుడు టెంప్ ఫోల్డర్ తీసేసినా ఫరవాలేదు. ఎంఎస్‌పీ కాపీని విండోస్ తన ఇన్‌స్టాలర్ ఫోల్డర్‌లో దాచుకుంటుంది. డిస్క్ ఖాళీ చేస్తున్నామని ఆ ఇన్‌స్టాలర్ ఫోల్డర్‌ను మాత్రం ఎవరూ ఊడ్చకుండా చూసుకోండి.

టాస్క్ సీక్వెన్స్‌లోకి ఎక్కించడం

చేత్తో అయింది కాబట్టి ఇక అసలు పని. టాస్క్ సీక్వెన్స్ నడిచేటప్పుడు ఎంఎస్‌పీ ఆ మెషీన్ డిస్క్ మీద ముందే ఉండాలి. దానికి అన్నిటికంటే నమ్మకమైన దారి, ఎంఎస్‌పీని క్లయింట్ ప్యాకేజీలోనే పెట్టేయడం. ఆ స్టెప్ క్లయింట్ ప్యాకేజీని ఎటూ డిస్క్ మీదికి దించుకుంటుంది, ప్యాచ్ దాంతోపాటే దిగుతుంది.

సర్వర్‌లోని అసలు క్లయింట్ ఫోల్డర్‌లో చేయి పెట్టకండి. సైట్ అప్‌గ్రేడ్ అయినప్పుడు అది తిరగరాయబడుతుంది, మీ ఫైల్ గాలికి పోతుంది. ఆ ఫోల్డర్‌ను మీ సోర్స్ షేర్‌లోకి కాపీ చేసి, ఎక్స్64 లోపల హాట్‌ఫిక్స్ అనే ఫోల్డర్, దాని లోపల కేబీ నంబరు ఫోల్డర్ పెట్టి, ఎంఎస్‌పీని అక్కడ వేయండి. తర్వాత కన్సోల్‌లో సాఫ్ట్‌వేర్ లైబ్రరీ, ప్యాకేజెస్, 'క్రియేట్ ప్యాకేజ్ ఫ్రమ్ డెఫినిషన్'. మైక్రోసాఫ్ట్ పేరు కింద 'కాన్ఫిగరేషన్ మేనేజర్ క్లయింట్ అప్‌గ్రేడ్' ఎంచుకుని, సోర్స్‌గా మీ కాపీని చూపించండి. డిస్ట్రిబ్యూషన్ పాయింట్లకు (మెషీన్లు ఫైళ్లు దించుకునే సర్వర్లకు) పంపి, ఆకుపచ్చ గుండ్రం వచ్చేదాకా ఆగండి. ప్యాకేజీ ఐడీ రాసుకోండి. సైట్ కోడ్ మూడక్షరాలు, తర్వాత ఐదు. మన ఉదాహరణకు బీఎల్ఆర్ 00042 అనుకుందాం.

టాస్క్ సీక్వెన్స్ ఎడిట్ తెరిచి 'సెటప్ విండోస్ అండ్ కాన్ఫిగ్ మేనేజర్' స్టెప్‌లో ఈ కొత్త ప్యాకేజీని ఎంచుకోండి. చాలామంది కింద ప్రాపర్టీ రాసి, పైన ప్యాకేజీ మార్చడం మరచిపోతారు. అప్పుడు దారి సరైనదే, ఫైలే ఉండదు.

ఇన్‌స్టలేషన్ ప్రాపర్టీస్ పెట్టెలో ప్యాచ్ ఈక్వల్, డబుల్ కోట్, తర్వాత దారి. ఈ దారి దగ్గరే అందరూ తడబడతారు. టాస్క్ సీక్వెన్స్ ప్యాకేజీలను 'అండర్‌స్కోర్ ఎస్ఎంఎస్ టాస్క్ సీక్వెన్స్' అనే దాచిన ఫోల్డర్‌లో దించుతుంది. అందులో ఓఎస్‌డీ, అందులో ప్యాకేజీ ఐడీ పేరుతో ఫోల్డర్, అందులో మీరు పెట్టిన ఎక్స్64, హాట్‌ఫిక్స్, కేబీ నంబరు, ఎంఎస్‌పీ. ముందు డ్రైవ్ అక్షరం సి అని రాసేస్తే చాలా చోట్ల పనిచేస్తుంది. కానీ డిస్క్ రెండు ముక్కలుగా ఉన్న మెషీన్లలో ఆ ఫోల్డర్ డి మీదికి వెళ్లొచ్చు. అందుకే సి బదులు ఆ ఫోల్డర్ దారిని దాచుకునే టాస్క్ సీక్వెన్స్ వేరియబుల్ వాడటం వాడుక: పర్సెంట్ గుర్తు, అండర్‌స్కోర్, ఎస్ఎంఎస్‌టీఎస్ఎం, దానికే కలిపి డేటా పాత్, మళ్లీ పర్సెంట్. ఆ వేరియబుల్ విలువలోనే ఎస్ఎంఎస్ టాస్క్ సీక్వెన్స్ ఫోల్డర్ దాకా ఉంటుంది, కాబట్టి దాని తర్వాత నేరుగా బ్యాక్‌స్లాష్ ఓఎస్‌డీతో మొదలుపెట్టండి. ఫోల్డర్ పేరు రెండోసారి రాయకండి.

ఒక్క మెషీన్‌లో నడపండి. బూట్ ఇమేజ్‌లో కమాండ్ సపోర్ట్ టిక్ చేసి ఉంటే మధ్యలో ఎఫ్8 కొట్టొచ్చు. ఆ నల్ల కిటికీ తెరిచి ఉన్నంతసేపు మెషీన్ రీబూట్ కాదు, తీరిగ్గా డైరెక్టరీలోకి వెళ్లి ఫైల్ ఉందో లేదో కళ్లారా చూసుకోవచ్చు. మూసేయడం మరచిపోతే మాత్రం మెషీన్ మీ కోసం తెల్లారేదాకా అలాగే ఎదురుచూస్తుంది. టాస్క్ సీక్వెన్స్ సొంత లాగ్ ఎస్ఎంఎస్‌టీఎస్ డాట్ లాగ్. అది దశను బట్టి ఇల్లు మారుస్తుంది: విండోస్ పీఈలో (ఇన్‌స్టాల్ కోసం ముందుగా లేచే చిన్న విండోస్‌లో) ఉన్నప్పుడు ఎక్స్ డ్రైవ్ టెంప్ కింద, క్లయింట్ పడ్డాక సీసీఎం లాగ్స్ కింద. క్లయింట్ ఇన్‌స్టాల్ సంగతి మాత్రం ఎప్పుడూ సీసీఎం సెటప్ లాగ్‌లోనే, పైన చెప్పినట్టే చదవండి.

సర్వరే మెషీన్లకు క్లయింట్‌ను పంపి వేసే క్లయింట్ పుష్ మాటేమిటి? కన్సోల్‌లో క్లయింట్ పుష్ ప్రాపర్టీస్‌లో ఇన్‌స్టలేషన్ ప్రాపర్టీస్ ట్యాబ్ ఉంది, అక్కడా ప్యాచ్ రాయొచ్చు. కానీ ఆ దారి సైట్‌లోని ప్రతి మెషీన్‌కూ అందాలి. ఒక్క బ్రాంచ్ ఆఫీసుకు అందకపోయినా అక్కడి వాళ్లకు క్లయింటే పడదు. నేనెప్పుడూ వాడలేదు, వాడమని చెప్పను.

కరెంట్ బ్రాంచ్ వాళ్లకు

పైదంతా చదివి హడలిపోయిన కరెంట్ బ్రాంచ్ వాళ్లు ఊపిరి పీల్చుకోండి. మీకు ఎంఎస్‌పీతో పనిలేదు. అడ్మినిస్ట్రేషన్, అప్‌డేట్స్ అండ్ సర్వీసింగ్‌లో హాట్‌ఫిక్స్ రోలప్ (సవరణలన్నీ కలిపిన కట్ట) వేస్తే, అందులో క్లయింట్ మార్పులు ఉన్నప్పుడు సైట్ తనంతట తానే డిఫాల్ట్ క్లయింట్ ప్యాకేజీని కొత్తది చేసి డిస్ట్రిబ్యూషన్ పాయింట్లకు పంపుతుంది. టాస్క్ సీక్వెన్స్ ఆ డిఫాల్ట్ ప్యాకేజీనే వాడుతుంటే కొత్త మెషీన్ కొత్త వెర్షన్‌తోనే లేస్తుంది.

"వాడుతుంటే" అన్నాను చూశారా, గొడవంతా అక్కడే. 2012 రోజుల్లో నాలాంటి వాడు ఒకడు పైన చెప్పిన కాపీ ప్యాకేజీ చేసి, టాస్క్ సీక్వెన్స్‌లో పెట్టి, ప్రాజెక్ట్ మారిపోయుంటాడు. సైట్ అప్‌గ్రేడ్ అయినా ఆ కాపీ మారదు. కొత్త ల్యాప్‌టాప్ ప్రతిసారీ పాత క్లయింట్‌తో లేచి, ఆటో అప్‌గ్రేడ్ వచ్చి సర్దేదాకా రోజుల తరబడి అలాగే ఉంటుంది. ఆటో అప్‌గ్రేడ్ మెషీన్లన్నిటి మీదా ఒకేసారి పడదు, మీరు పెట్టిన రోజుల గడువులో అక్కడొకటీ ఇక్కడొకటీ పడుతుంది. నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఈ కేసే. స్టెప్‌లో డిఫాల్ట్ ప్యాకేజీ పెట్టి, ప్రాపర్టీస్ పెట్టెలో మిగిలిన పాత ప్యాచ్ వరసను తుడిచేయండి. తుడవకపోతే లేని ఫైల్ కోసం వెతికి 1635తో పడిపోతుంది.

ఇంకో చోటు చూడండి. అప్‌డేట్ వేసేటప్పుడు 'ప్రీ ప్రొడక్షన్ కలెక్షన్‌లో ముందు టెస్ట్ చేయి' అని ఎంచుకుని ఉంటే, కొత్త క్లయింట్ స్టేజింగ్ ఫోల్డర్‌లో ఆగిపోతుంది. మీరు వెళ్లి 'ప్రమోట్' నొక్కేదాకా డిఫాల్ట్ ప్యాకేజీ పాతదే. ఎవరు నొక్కాలో టీమ్‌లో తేలక నెలలు ఆగిన ప్రమోట్‌లు చూశాను.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా పాత వెర్షనే వస్తోందంటే, ఆ ల్యాప్‌టాప్ దేంతో ఇమేజ్ చేశారో అడగండి. స్టాండ్‌అలోన్ మీడియా (నెట్‌వర్క్ లేకుండానే ఇమేజ్ చేసేది) చేసిన పెన్‌డ్రైవ్‌లో అది తయారైన రోజు ప్యాకేజీయే ఉంటుంది, సైట్‌లో మీరేం మార్చినా దానికి తెలియదు. మా బెంచ్ డ్రాయర్‌లో అలాంటివి 3 ఉన్నాయి. ఒక్కోదాని మీద మాస్కింగ్ టేప్ అంటించి, తయారు చేసిన తేదీ, ఆ నాలుగంకెలు పెన్నుతో రాసి పెట్టాం.